మేని కొలత యెవరి కొరకు?

పాడేరు దాటి కనుమలలోనికి పోయినచో పెదబయలు వచ్చును. 2022 ఏప్రిల్ మొదటి వరకు ఆ మండలము విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ నెల 4వ తేదీ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. భగతలు, కొండదొరలు, కోటియలు, పోర్జలు, వాల్మీకులు మొదలగువారు అచట తరతరములుగా నివసించుచున్నారు. చోళ్ళు, సామలు, వలిసెలు, పసుపు పండించి, వారపు సంతలలో అమ్ముకొని జీవించు ప్రాంతమది.

ఇట్టి పల్లెలలో చిన్నపిల్లల పోషణను పరీక్షించువారు వాడు సాధనములలో ఒక సన్నని పట్టీ కలదు. దానిమీద ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు రంగులుండును. బిడ్డ ఎడమచేతిని భుజమునకును మోచేతికిని సరిగా నడుమ ఆ పట్టీతో చుట్టి, గుర్తు ఏ రంగు వద్ద నిలిచినదో చూతురు. చేయి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు గాని అంతకు మించి గాని యున్నచో ఆకుపచ్చ. 11.5కును 12.5కును నడుమ నున్నచో పసుపు. 11.5కు తగ్గినచో ఎఱుపు; అనగా ఆ బిడ్డకు వెంటనే వైద్యము, ఆహారము అందవలెనని యర్థము. ఆఱు నెలలు నిండినది మొదలు అయిదేండ్లు నిండువరకు ఈ లెక్క చెల్లును. అర నిమిషములో ముగియు పని.

ఈ చిన్న పట్టీ వెనుక పెద్ద చరిత్ర యున్నది. మనుష్యుని దేహమును కొలుచుట యన్నది ఒక్కొక్క కాలమున ఒక్కొక్క ప్రశ్నకు జవాబు కొరకు సాగినది. కొలిచిన చేయి ఎవరిది, ఆ అంకె ఎవరికి చేరినది అని విచారించినచో ఆ చరిత్ర మనకు తేటపడును. దానిని శ్రోతల ముందుంచుటయే మా ప్రయత్నము.

కొలత మన పూర్వులకు క్రొత్త కాదు. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అను మాటలన్నియు దేహము నుండి పుట్టినవే. పూలమ్మునామె నేటికిని మాలను తన మూరతోనే కొలిచి యిచ్చును; ఆమె చేయి పొట్టిదైనచో కొనువారు గొణుగుటయు మన మెఱిగినదే. దేహము కొలబద్ద యైనట్లే, దేహమును కొలుచుటకును దేహమే సాధనమైనది. చరక సంహితలో విమానస్థానమున రోగిని పరీక్షించు విధములు పది చెప్పబడినవి. వానిలో ప్రమాణ పరీక్ష యొకటి. మనుష్యుని ఎత్తు తన అంగుళములతో 84 అనియు, చేతులు రెండును బార చాచిన వెడల్పు ఎత్తునకు సమమనియు అందు గలదు. సుశ్రుతము 120 అంగుళములని చెప్పినది. లెక్కలు వేఱైనను సూత్ర మొక్కటే: ఎవరి దేహమును వారి వ్రేలితోనే కొలువవలెను. ఆ కొలత చూచి వైద్యుడు రోగి బలము నంచనా వేయును. ఆ బలమునకు తగిన ఔషధమును నిర్ణయించును. అంకె రోగి మేలు కొరకే పుట్టి, ఆతని మంచము వద్దనే ముగియును.

అతిస్థూలుని, అతికృశుని గూడ చరకుడు విచారించెను. ఇద్దఱిలో కృశుడే మేలనియు, స్థూలునికి చికిత్స కష్టతరమనియు ఆయన నిర్ణయము.

ఐనను ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. బాల్యమున అన్నము చాలక యెదుగుదల కుంటువడినవాని వ్రేలును చిన్నదిగానే యుండవచ్చును. తన వ్రేలితో తన్ను కొలిచికొన్నంతకాలము ఆ లోటు బయటపడదు. ఒకనికిని మఱియొకనికిని పోలిక తెలియవలెనన్నచో అందఱికిని సమానమైన కొలబద్ద కావలెను. అట్టి కొలబద్ద పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చినది. అది మన దేశమునకు వచ్చినప్పుడు దాని వెంట మఱొక ప్రశ్నయు వచ్చినది.

బెల్జియము దేశస్థుడైన క్వెటలే ఖగోళ శాస్త్రజ్ఞుడు. నక్షత్రములను లెక్కించిన పద్ధతితోనే ఆయన మనుష్యులను లెక్కింప బూనెను. పెద్దలైనవారి బరువు సుమారుగా వారి ఎత్తు యొక్క వర్గమును అనుసరించి పెరుగునని 1832లో కనుగొనెను. ఈ సూత్రమును మనము మరల కలిసికొందుము. ఆయన వెనుక వచ్చినవారు కొలబద్దను జాతుల మీదికి త్రిప్పిరి. మన దేశమున ఆ పనికి ముందు నిలిచినవాడు బెంగాలులో ఉద్యోగియైన హెర్బర్ట్ రిజ్లీ. ముక్కు వెడల్పును నూటితో హెచ్చించి ముక్కు ఎత్తుతో భాగించినచో వచ్చు అంకెను నాసికా సూచి యనిరి. ఎత్తు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 40 మిల్లీమీటర్లు ఐనచో సూచి 80. ఈ అంకె పెరిగిన కొలది సంఘములో మనుష్యుని స్థానము తగ్గునని రిజ్లీ 1891 ప్రాంతమున వాదించెను. 1901 నాటి జనాభా లెక్కలకు ఆయనయే కమీషనరు. ఒక ఉద్యోగి యభిప్రాయము ఆ విధముగా ప్రభుత్వపు పట్టిక వఱకు ప్రాకినది.

మన చెన్నరాజధానిలో ఆ పనిని చేపట్టినవాడు ఎడ్గార్ థర్‌స్టన్. ఆయన 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు సూపరింటెండెంటుగా వచ్చి 1908 వరకు ఆ పదవిలో నుండెను. వైద్యము చదివినవాడు. ఎత్తు కొలుచు నిలువు బద్ద, తలను ముక్కును కొలుచు ఇనుప కొలముండ్లు, మేని రంగును పోల్చు సాధనములు వెంటబెట్టుకొని ఊరూర తిరిగెను. కె. రంగాచారి ఆయనకు సహాయకుడు. వీరి కృషి ఫలముగా దక్షిణ హిందూదేశపు కులములను, గిరిజాతులను గూర్చిన ఏడు సంపుటముల గ్రంథము 1909లో వెలువడినది. అప్పటి విశాఖపట్టణము ఏజెన్సీలోని గదబలు, పోర్జలు, భగతలు, కొండదొరలు ఆ సంపుటములలో అక్షరక్రమమున నిలిచియున్నారు. నాటి ఆచారములను తెలిసికొనుటకు పరిశోధకులు నేటికిని ఆ గ్రంథమును తెఱచుచున్నారు.

కొలిపించుకొన్నవారు ఏమనుకొనిరి? ఈ సంగతి థర్‌స్టనే దాచక వ్రాసెను. వయనాడులోని పణియ స్త్రీలు తమలో చక్కనివారిని ఏరి, చర్మము ఒలిచి, లోన పీచు కూరి మ్యూజియములో నిలబెట్టుదురని భయపడిరట. నీలగిరులలో పాత నేరమొకటి నెత్తిమీద నున్న ఇరుళ జాతి మనిషి నిలువు బద్దను చూచి, అది ఉరికంబమని కొలతకు నిరాకరించెనట. మన వడ్డెరవారి కథ మఱింత విచిత్రమైనది. వారు తమ పేర్లకు బోయన్ అను బిరుదు చేర్చుకొందురు. దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులకును బోయరులకును జరిగిన యుద్ధము అప్పుడే ముగిసినది. చచ్చిన బోయరుల స్థానమున తమ్ము ఓడలెక్కించి పంపుటకే ఈ దొర కొలుచుచున్నాడని వారు నమ్మిరి. దొర కన్ను మంచిది కాదని యెంచి, ఆయన ఊరు విడుచువరకు క్రొత్త ఇటుక ఆవమునకు నిప్పు పెట్టకుండిరి.

థర్‌స్టన్ వీనిని వినోదముగా వ్రాసెను. చదివినప్పుడు మాకును నవ్వు వచ్చినది. తరువాత ఆలోచింపగా ఆ జనుల ప్రశ్నలో తప్పేమియు కనబడలేదు. ‘ఈ కొలత ఎందుకు? ఎవరి కొరకు?’ అని వారు తమకు తెలిసినంతలో అడిగిరి. ఆ రోజులలోనే పారిస్ నగరమున బెర్టియాన్ అను పోలీసు ఉద్యోగి నేరస్థులను గుర్తుపట్టుటకు దేహపు కొలతలను వాడుచుండెను. ఆ పద్ధతి మన దేశపు పోలీసులకును చేరినది. కావున ఇరుళ మనిషి భయము ఉత్త వెఱ్ఱి కాదు. కొలిపించుకొన్న పణియ స్త్రీకి గాని వడ్డెర కూలికి గాని తన అంకె వలన గంజిలో ఒక మెతుకైనను పెరిగినది లేదు.

ఇక ఆ అంకెలు నిలిచినవా? కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అను గణిత శాస్త్రజ్ఞుడు రిజ్లీ బెంగాలు లెక్కలను తిరుగదోడి, వానిలోని పొరపాట్లను సరిచూచి 1933లో ప్రకటించెను. ఒక్క ముక్కునో ఒక్క తలనో చూచి తీర్పు చెప్పరాదనియు, అనేక కొలతలను, వాని పరస్పర సంబంధమును కలిపి చూడవలెననియు ఆయన తెలిసికొనెను. ఆ విచారణ నుండి 1936లో వచ్చిన సూత్రమును లోకము నేడు మహలనోబిస్ దూరమని పిలుచుచున్నది.

ఇచట ఒక తెలుగు పేరును స్మరింపవలెను. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగళిలో జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 1941లో కలకత్తా చేరి మహలనోబిస్ సంస్థలో ప్రవేశించెను. సంయుక్త రాష్ట్రములలో 1941లో జరిగిన దేహ పరిమాణ పరిశీలనను మహలనోబిస్, మజుందార్, రావు కలిసి విశ్లేషించి 1949లో ప్రకటించిరి. సూడాను దేశమున జెబెల్ మోయాలో త్రవ్వితీసిన పురాతన అస్థికలను లెక్కించుటకు 1946లో రావు కేంబ్రిడ్జికి పిలువబడెను. 1948లో అచట డాక్టరేటు పొందెను. ఆయన 2023లో, 102 ఏండ్ల వయస్సున మరణించెను. నేడు లోకమంతట వాడుచున్న గణాంక సూత్రములలో కొన్ని ఈ విధముగా మనుష్యుల ఎత్తులు, తలలు, ఎముకలు కొలిచిన పట్టికల నడుమ పదును దేరినవి.

లెక్క పదునెక్కినది గాని ప్రశ్న పాతదే: ఈ మనిషి ఏ గుంపునకు చెందినవాడు? ప్రశ్న మారుటకు ఆకలిని కొలుచువారు రావలసివచ్చినది. 1918లో కూనూరులో మకారిసన్ నడుప మొదలిడిన చిన్న పరిశోధన విభాగము క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది. దాని ఆధ్వర్యమున 1972లో జాతీయ పోషణ పరిశీలన విభాగ మేర్పడినది. పల్లెలలోను గిరిజన ప్రాంతములలోను ఇంటింటికి పోయి ఆహారమును తూచి, దేహములను కొలుచుట దాని పనిగా నుండెను. 1966లో డెరిక్ జెలిఫ్ అను వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు వ్రాసిన పుస్తకమున చేయి చుట్టుకొలతకు ముఖ్య స్థానమిచ్చెను. ఏడాది నుండి అయిదేండ్ల వరకు ఆరోగ్యవంతుడగు బిడ్డ చేయి చుట్టుకొలత కొంచెమే పెరుగును. కావున వయస్సు సరిగా తెలియని చోట గూడ ఒక్క పట్టీ చాలును. పుట్టిన తేదీ వ్రాసికొనని కొండపల్లెకు ఇంతకన్న అనువైన సాధనము లేదు.

‘కొండవారు పుట్టుకతోనే పొట్టివారు, సన్ననివారు, వారి బిడ్డలకు మైదానపు లెక్క యేల?’ అని అడుగువారున్నారు. చూచుటకు ఇది అమాయకమైన మాట. లోన నున్నది మాత్రము రిజ్లీ సిద్ధాంతమే. బిడ్డ చిక్కిపోవుటకు జాతియే కారణమని ఒప్పుకొన్నచో అన్నము పెట్టవలసిన పని ఎవరికిని ఉండదు.

ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరికినది. 1997 నుండి 2003 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిలు, ఘనా, ఇండియా, నార్వే, ఓమాను, అమెరికా దేశములలో సుమారు 8,500 మంది పిల్లలను కొలిపించినది. మన దేశమునుండి ఎన్నుకొన్నది ఢిల్లీ. తల్లిపాలు త్రాగి, మంచి ఆహారము, శుభ్రమైన పరిసరములు, వైద్యము గల యిండ్ల పిల్లలనే ఏరిరి. రెండేండ్లలోపు పిల్లల పొడవులో కనబడిన భేదమంతయు నూఱు పాళ్ళనుకొన్నచో, దేశమునకును దేశమునకును గల భేదము 3 పాళ్ళే. ఒకే చోట పెరిగిన పిల్లలకు తమలో తమకు గల భేదము 70 పాళ్ళు. అన్నము, ఆరోగ్యము సమముగా అందినచో నార్వే బిడ్డయు ఢిల్లీ బిడ్డయు ఇంచుమించు ఒకే తీరున ఎదుగుదురు. ఈ కొలతలపై 2006లో వెలువడిన పట్టికలే నేడు మన అంగన్‌వాడీలలోని ఎదుగుదల పటములకు ఆధారము.

కాబట్టి కొండపల్లె బిడ్డ వయస్సునకు తగిన ఎత్తు లేకున్నచో, జాతిని నిందింపక ఇంటి చరిత్రను విచారింపవలెను. గర్భము ధరించిన నాడు తల్లి బరువెంత? బిడ్డకు మలేరియా జ్వర మెన్నిసార్లు వచ్చినది? త్రాగునీరు ఎచటిది? క్రొత్త పంట చేతికి రాక, పాత గింజ అడుగంటిన వానకాలమున ఆ యింట పొయ్యి రోజునకెన్ని సార్లు వెలిగినది? ఎత్తు తగ్గుట చిరకాలపు లోటును చెప్పును. చేయి సన్నగిల్లుట ఇప్పటి లోటును చెప్పును. రెండును వేఱువేఱు సాక్ష్యములు.

ఇంత వరకు పరుల దేహములను గూర్చి చెప్పితిమి. రేడియో వద్ద కూర్చున్న మనము మన దేహములను గూర్చి ఏమి తెలిసికొనవచ్చును? కుట్టువాడు వాడు టేపు, ఒక తూకపు యంత్రము ఉన్న చాలును. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తును దానితోనే హెచ్చించి వచ్చిన సంఖ్యతో భాగింపుడు. ఇదియే క్వెటలే సూత్రము. 1972లో ఆన్సెల్ కీస్ దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడెను. ఎత్తు 1.50 మీటర్లు, బరువు 40 కిలోగ్రాములు గల స్త్రీకి ఇది 17.8. పెద్దలలో 18.5కు తగ్గినచో దేహమునకు ఆహారము చాలుట లేదని యెంచుదురు. మన దేశస్థులకు 23 దాటినచో జాగ్రత్త వహింపవలెననియు, 25 దాటినచో స్థూలత్వమనియు మన వైద్యులు నిర్ణయించిరి.

ఈ అంకె యొక్కటియే చాలదు. 2004లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ఇద్దఱు వైద్యుల ఛాయాచిత్రము పడినది. ఒకరు పూనాకు చెందిన యాజ్ఞిక్, మఱొకరు లండనుకు చెందిన యుడ్కిన్. ఇద్దఱి సూచియు 22.3. కాని దేహములోని కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్ళు. సన్నగా కనబడు మన దేహములలో కొవ్వు దాగియుండవచ్చునని ఆ చిత్రము లోకమునకు చాటినది.

ఆ కొవ్వు ఎచట చేరినదన్నది ముఖ్యము. పొట్టచుట్టు చేరు కొవ్వు, తుంటి తొడల వద్ద చేరు కొవ్వుకంటె అపాయకరమని మార్సేయి నగర వైద్యుడు జాఁ వాగ్ 1947లోనే చెప్పెను. దీనిని టేపు తెలుపగలదు. క్రింది ప్రక్కటెముకకును తుంటియెముక పై అంచునకును నడుమ టేపును సమముగా చుట్టి, ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట చదువుడు. పొట్టను లోనికి లాగరాదు. ఆ మోసము మనకే నష్టము. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. ఇదియు గుర్తుండనిచో, నడుము కొలత ఎత్తులో సగమునకు లోబడియుండవలె ననుకొనిన చాలును. గర్భవతులకు, చిన్నపిల్లలకు ఈ లెక్కలు చెల్లవు. హద్దు దాటినవారు కలత పడక, రక్తపోటు, చక్కెర పరీక్షింపించుకొనుట మేలు.

పెదబయలులో సన్నగిల్లిన చేతికిని, పట్టణమున పెరిగిన నడుమునకును కొలబద్ద ఒక్కటే. రెండు చోట్లను అది అడుగునది వాని కంచమును గూర్చియు, పనిని గూర్చియు, చిన్ననాటి జ్వరములను గూర్చియు మాత్రమే. మనుష్యుని విలువను కొలుచుటకు దానిమీద గీతలు లేవు. కొలిచిన పిమ్మట గ్రుడ్డు, పాలు, మందు ఆ యింటికి చేరకున్నచో మాత్రము, మూడు రంగుల పట్టీకిని థర్‌స్టన్ కొలముండ్లకును పెద్ద భేద ముండదు.

కడపట ఒక మంచి మాట. ఆఫ్రికాలోని నైజరు దేశమున కొన్ని యేండ్ల క్రిందట ఈ పట్టీని చదువురాని తల్లుల చేతికే ఇచ్చి, బిడ్డల చేతులను కొలువ నేర్పిరి. వారి కొలతలు ఆరోగ్య కార్యకర్తల కొలతలతో ఇంచుమించు సరిపోయినవి. జబ్బు ముదురక ముందే బిడ్డలు వైద్యమునకు చేరిరి. అంకె తెలియని తల్లికి రంగు తెలియును. తన బిడ్డను తన చేతితో కొలిచిన తల్లి ‘ఇది ఎవరి కొరకు?’ అని అడుగ నక్కఱలేదు.